మీటకు కట్టిన పురికొస

నిరుడు పుంగనూరులో మా ఇంట్లో మరిది నిశ్చితార్థం. పొద్దున్నే అత్త గ్రైండర్‌లో వడలపిండి వేయగానే మెయిన్ బోర్డులో, తేడా వస్తే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోయింది. ఎత్తితే మళ్లీ పడింది. మామ దాని మీటను పురికొసతో పైకి కట్టేశారు. అయినా కరెంటు నిలవలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "దీన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తా రెడ్డెప్పన్నా" అని మామతో అన్నాడు.

నేను బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకు రామ్మా, సుట్టాలు వస్తాండారు" అని మామ గదిమారు.

"వస్తే ఫ్యాన్ లేకుండా కూసుంటారు మామా. అది ఊరికే పడతాండాదా? యాడో తప్పుండాది."

పురికొస విప్పి, అన్ని ప్లగ్గులూ పీకి మీట ఎత్తాను. నిలిచింది. ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాను. ఫ్రిజ్‌కు నిలిచింది, మిక్సీకి నిలిచింది. గ్రైండర్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే టప్పుమని పడింది. ప్లగ్గు పీకి గ్రైండర్‌ను వెనక్కి తిప్పి చూస్తే, ఎలుక కొరికిన వైరు రాగితీగ స్టీలు బాడీకి ఆనుకుని ఉంది. పిండి తడి చేతులతో అత్త పట్టుకునేది ఆ బాడీనే.

డైరెక్ట్ ఇవ్వడానికి తెచ్చిన వైరును ఎలక్ట్రీషియన్ చుట్టేసుకున్నాడు.

చుట్టాలు వడల్లేకుండా ఉప్మా తిన్నారు. రెడ్డెప్ప కోడలికి నోరెక్కువని ఇప్పటికీ అంటున్నారు. అననీ. అందరికంటే గట్టిగా అనేది మా అత్తే. అనడానికి ఆమె ఉంది, నాకు అది చాలు.

– సరళ, పుంగనూరు