సవతి దూది

కొరియాలో, మా సాంగ్జు వైపు, పెళ్లయిన ఆడదాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. పుట్టింటి ఊరి పేరే ఆమె పేరు. పుంగి నుంచి వచ్చింది కాబట్టి ఆమె పుంగి ఆవిడ. అసలు పేరు ఓక్ బొంగ్నిమ్ అని నాకు తెలుసు. నా దుకాణంలో కూర్చుని తనే చెప్పింది, అదీ రుసరుసలాడుతూ.

"నాకూ ఓ పేరుందక్కా. ఈ ఊళ్లో ఒక్కళ్లకీ అక్కర్లేదు. పోనీ, పుంగి ఆవిడ ఇల్లు అనైనా అనచ్చుగా. నేనొచ్చి ఇన్నాళ్లయినా యేచన్ ఆవిడ ఇల్లనే అంటారు."

యేచన్ ఆవిడ అంటే చనిపోయిన మొదటి భార్య. ఇద్దరికీ మొగుడు ఒక్కడే, బేరిపండ్ల తోట ప్యో గిసు. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. మా ఆయన పోయాక దూది ఏకే మిషను నేనే నడుపుతున్నాను. నా నోటికి అదుపు లేదని బజారంతా అంటారు. అననీండి. దూది దుమ్ము మింగుతూ బతికే మనిషి నోరు కూడా మూసుకుని కూర్చుంటే ఊపిరాడదు.

పుంగి ఆవిడ పొట్టిగా, సన్నగా, చలాకీగా ఉండేది. ఆమెకూ ఇది రెండో పెళ్లే. మొదటివాడు తాగి తాగి పోయాడు. అతని వస్తువుల్లో చొక్కా గుండీ కూడా ఆమె దాచుకోలేదు. కొత్త ఇంటికి ఖాళీ మనసుతో వచ్చింది. వచ్చి చూస్తే ఆ ఇంట్లో గిన్నె దగ్గర నుంచి గడప దాకా అన్నీ యేచన్ ఆవిడవే. అయినా సర్దుకుంది. కారం పచ్చడి ఆవిడ పెట్టినట్టే పెట్టమంటే పెట్టింది. సర్దుకోలేనిది ఒక్కటే, పరుపు.

మా వైపు మనిషి పోతే బట్టలూ పక్కలూ ఏటి ఒడ్డున కాల్చేస్తారు. యేచన్ ఆవిడవి కూడా అన్నీ కాల్చారు. కానీ ఆవిడ ఆసుపత్రిలో హఠాత్తుగా పోయిన వారం, ఆ ఇంటి పరుపు నా దగ్గర ఉంది. ఏకమని ఆవిడే ఇచ్చి వెళ్లింది. తంతులన్నీ అయ్యాక గిసు నా దుకాణానికి వచ్చాడు, దాన్ని చూశాడు. "ఇదొక్కటి మిగిలిందా వదినా" అని దాని మీదే కూలబడ్డాడు. కాల్చమని నేను మాత్రం ఎలా చెప్పను? మోసుకుపోయాడు. ఏళ్ల తరబడి ఒంటరిగా దాని మీదే పడుకున్నాడు.

"ఎటువైపు పడుకున్నాడో తెలుసా అక్కా?" అని అడిగింది పుంగి ఆవిడ. "ఎప్పుడూ ఓ పక్కనే. ఆ పక్క అణిగిపోయి గుంటపడింది. రెండో పక్క ఒక్కరోజు కూడా నలగలేదు, గట్టులా లేచి ఉంది. ఆవిడ చోటు వదిలిపెట్టి పడుకున్నాడన్నమాట. ఇప్పుడా గట్టు మీద నేను పడుకోవాలి. బస్సులో ఎవరో రుమాలేసుకున్న సీట్లో కూర్చున్నట్టుంటుంది."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చచ్చి సాధించడం అంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లోనే మా బజారులో మంచాల దుకాణం పెట్టారు. పుంగి ఆవిడ మొగుణ్ణి లాక్కొచ్చింది, దారిలో నన్ను కూడా లాక్కుపోయింది. ఆలుమగల పరుపు గురించి నాకు తెలిసినంత ఆ దుకాణంవాడికి తెలియదు, అది వేరే సంగతి. ఇద్దరి బరువూ ఒకటి కాదు. బరువైనవాడి వైపు దూది ఎక్కువ వేయకపోతే తేలికమనిషి దొర్లి అతని మీద పడుతుంది. మెత్తగా ఉందని మురిసిపోతే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. ఒకరు కదిలితే రెండోవాళ్లకి మెలకువ రాకూడదు. పదేళ్లకైనా విప్పి, ఏకి, మళ్లీ కుట్టుకునేలా ఉండాలి. ఈ స్ప్రింగుల్ని విప్పి ఎవడు ఏకుతాడు?

గిసు ఒక పరుపు మీద కూర్చుని లేచాడు. "పడవలా ఊగుతోంది." రాతిపలక మంచం మీద పడుకుని చూశాడు. "పాడె మీద పడుకున్నట్టుంది." ఇంకోటి చేత్తో నొక్కాడు. "పొయ్యి వేడికి కింద వెచ్చగా ఉండే నేల పెట్టుకుని ఇంతెత్తున ఎవరు పడుకుంటారే?"

దుకాణంవాడు ఊరుకోడు కదా. "పదేళ్లు చెక్కుచెదరదండీ" అన్నాడు.

"మా ఇంట్లోది ఇరవై ఏళ్ల నుంచీ ఉంది. మా యేచన్ ఆవిడ పుట్టింటి దూది. రాయిలాంటి దూది" అన్నాడు గిసు.

అన్నాడు, అందరి ముందూ. పుంగి ఆవిడ మొహం మాడిపోయింది. గిరుక్కున తిరిగి బస్సెక్కేసింది. "ఏమైంది దీనికి?" అని నన్ను అడిగాడు ఆ మహానుభావుడు.

"నీకు తోట ఉంది గానీ బుర్ర లేదు మరిదీ" అని చెప్పి వచ్చేశాను.

తరువాతి వసంతంలో ఆమె బీన్సు చేను గట్టున పత్తి వేసింది. విత్తనాలు పుంగి నుంచి తెచ్చింది. ఎందుకని మొగుడు అడిగితే మా అమ్మకి బొంత కుట్టిస్తానంది. కలుపు తీసింది, పురుగులు ఏరింది, కాయ పగిలినప్పుడల్లా కూర్చుని ఒలిచింది. ఒక పంట చాలలేదు. మరుసటి ఏడు కూడా వేసింది. చేతులు చూస్తే వేళ్ల కొసలన్నీ గీరుకుపోయి ఉండేవి. ఆ చలికాలం మొదట్లో పరుపు ఏకించుకు వస్తానని మొగుడికి చెప్పింది. ఏకించడానికైతే సరే అని అతనే దాన్ని టిల్లరు బండిలో తెచ్చి నా గుమ్మంలో దించాడు. పోతూ పోతూ పెళ్లాంతో అన్నాడు, "కదలకుండా కూర్చుని చూడు. మన దూది మనకే రావాలి."

అది మా ఊళ్లో అందరికీ ఉన్న అలవాటే. మంచి దూది మార్చేస్తానేమోనని మిషను దగ్గరే కూర్చుంటారు. సొంత వదినలా చూసేవాళ్లు కూడా ఆ ఒక్క పూట నన్ను దొంగలా చూస్తారు.

అతను అటు వెళ్లగానే ఆమె తన పత్తి మూటలు లోపలికి తెచ్చింది. "ఇందులో పాతది ఒక్క పోగు ఉండకూడదు. నాది వెయ్యి. అదే ముసుగు, అదే ఎత్తు."

"ఒసేయ్, పాతది బంగారంలాంటి దూదే. ఇంకో ఇరవై ఏళ్లు వస్తుంది."

"అదే కదక్కా నా ఏడుపు. ఇంకో ఇరవై ఏళ్లు ఆవిడతో కలిసి పడుకోవాలా?"

"మరి దాన్నేం చెయ్యను?"

"ఆవేళ కాల్చాల్సింది కాల్చలేదు. ఇప్పుడు కాల్చెయ్."

ఇంకేం చెబుతాను? చేశాను. సాయంత్రం దాకా మిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది. అందరూ తమ దూది పోతుందేమోనని చూస్తారు, ఆమె ఆవిడ దూది చేరుతుందేమోనని చూసింది. అతని వైపు కొంచెం మందంగా పరిచాను. "నా వైపు ఎత్తుగా వద్దు. నేలకి దగ్గరగా ఉన్నా పర్లేదు, పక్కన ఉంటే చాలు" అంది. పాత దూదిని మాత్రం నేను కాల్చలేదు. సంచిలో కుక్కి అటక మీద పడేశాను. దూదిని కాల్చే చెయ్యి కాదు నాది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, మూతి ముడుచుకుని.

"ఏం, నిద్రపట్టట్లేదా?"

"ఆయనకి దివ్యంగా పడుతోంది. పొద్దున్నే లేచి ఒళ్లు విరుచుకుని ఏమంటాడో తెలుసా? చూశావా, మా యేచన్ దాని దూది అంటే అదీ, ఏకించేసరికి ఎంత హాయిగా ఉందో, అంటాడు. పండించింది నేను, ఒలిచింది నేను, పొగడ్త దానికి."

"చెప్పెయ్యి మరి."

"చెబితే ఆవిడ దూది ఏదంటాడు. ఏం చెప్పను?"

రెండు చలికాలాలు అలాగే గడిచాయి. పాపం, కడుపులో మంట కడుపులోనే ఉంచుకుంది. వంటింట్లో గిన్నెలు మోగితే ఈవేళ మొగుడు పరుపును మెచ్చుకున్నాడని పక్కింటివాళ్లకి తెలిసేదేమో, నాకైతే ఆమె నడకలోనే తెలిసేది.

ఇంతలో యేచన్ ఆవిడ కడుపున పుట్టిన గిసు కూతురు మిరాన్‌కి దేగు పట్నంలో సంబంధం కుదిరింది. పెళ్లికూతురు అత్తారింటికి పక్కలు తీసుకెళ్లాలి కదా. భోజనాల దగ్గర గిసు కూతురితో అన్నాడట, "కొత్త పరుపులు ఎందుకమ్మా. మీ అమ్మ దూది ఉంది. దాన్నే కొత్త ముసుగుల్లో కుట్టిస్తాను, పట్టుకెళ్లు. మాకు ఆ మంచం ఏదో కొంటాను, మీ పిన్నికి కూడా సరదా తీరుతుంది." ఆ పిల్ల పచ్చడి గిన్నె పక్కన పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. పుంగి ఆవిడ తింటున్న ముద్ద వదిలేసి లేచిందట.

మర్నాడు పొద్దున్నే, గిసు పరుపు తేకముందే, ఆమె నా దుకాణం తలుపు బాదింది. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, ఆ దూది కాల్చేశావా?"

ఒక్క క్షణం ఏడిపిద్దామనుకున్నాను. ఆ మొహం చూసి మానుకున్నాను. "అటక మీద ఉంది. నువ్వు కాల్చమన్నావని కాల్చేస్తానా? నా బుద్ధి నాకుంది."

మెట్టు మీద కూర్చుండిపోయింది. "దించు. అది దాని కూతురికి వెయ్యి" అంది.

"ఎందుకే, పిల్ల మీద జాలేసిందా?" అని అడిగాను.

"జాలీ లేదు, గీలీ లేదు. నా దూది ఆవిడ పేరు పెట్టుకుని దేగు పోవాలా? ఇప్పటికే మొగుడి దగ్గర పోయింది పేరు, ఇక దేశం మీద కూడా పోవాలా? ఎవరిది వాళ్లకి."

ఒట్టి కుళ్లు. ఒప్పుకుంటాను. కానీ ఆ కుళ్లుబోతుతనం వల్లే తల్లిలేని పిల్లకి తల్లి దూది చేరింది. పరుపు రాగానే విప్పాం, ఆమె దూది ఒక పక్క పెట్టాం, అటక మీది సంచి దించాం. ఆ రోజంతా ఆమె మళ్లీ పీట వేసుకుని కూర్చుంది. ఈసారి తనది ఒక్క పోగు కూడా ఆవిడ దాంట్లో కలవకుండా.

స్ప్రింగుల మంచం వచ్చింది. గిసు మాట తప్పలేదు. దాని మీద పరుచుకోవడానికి ఆమె దూదితో పలుచటి పరుపు కుట్టిచ్చాను, అమ్మ బొంత కోసం వేసిన పత్తే ఇది, అమ్మ వద్దంది అని మొగుడికి చెప్పుకుంది. వారం తరువాత సంతరోజున మిట్టమధ్యాహ్నం వచ్చి నా దూది కుప్ప మీద దభాలున కూర్చుంది.

"పడుకున్నాడు అక్కా. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. బానే ఉంది గానీ మా యేచన్ దాని దూది హాయి దీనికెక్కడిదే, అన్నాడు."

నేను నవ్వాపుకోలేక మిషను ఆపేశాను. "అదే దూది కదే!"

"అదే దూది. ఇంక నాకు ఒళ్లు తెలీలేదు. మొత్తం కక్కేశాను. పత్తి వేసింది, మార్చింది, అటక, అన్నీ. రెండు చలికాలాలు నువ్వు పొర్లింది నా దూది మీదే, ఆవిడ పేరు చెప్పుకుని నా మీదే నిద్రపోయావు, అన్నాను."

"కొట్టాడా?"

"లేదు. లేచి కూర్చుని అరచేత్తో పరుపును రుద్దుతూ ఉండిపోయాడు. నాకు భయమేసింది. ఆవిణ్ణి రెండోసారి చంపానంటాడేమో అనుకున్నా. అప్పుడన్నాడు, మా యేచన్‌ది పోయాక నాకు సరిగ్గా నిద్రపట్టింది ఆ రెండు చలికాలాలే, అదంతా నీ దగ్గరేనా, అని."

"నువ్వేమన్నావు?"

"మళ్లీ చెప్పమన్నాను."

"చెప్పాడా?"

"చెప్పాడు" అంది. తలకి కట్టుకున్న గుడ్డ లాగి మొహం కప్పుకుంది. బయట సంత గోలలో ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "పేరు పెట్టి పిలిచి చెప్పాడక్కా."