రాయి రుచి తెలిసిన సిరాజ్ మియా

సిరాజ్ మియా కారు చక్రం మీది గీతను నాలుకతో చదివేవాడు. మనం అక్షరాలు చదివినట్టే, తడుముకోకుండా.

మెదక్ మోటారు స్టాండు పక్కన ఆయనకో రేకుల కొట్టు ఉండేది. కారు చక్రాల మధ్య మెరిసే మూతలుంటాయే, వీల్ కప్పులు, అవి రాళ్లకు రాసుకుని గీతలు పడితే బాగుచేయడం ఆయన పని. నేను స్టాండులో మూటలు మోసేవాణ్ణి. ఒళ్లు అలిసినప్పుడల్లా ఆయన కొట్టు నీడలో కూలబడేవాణ్ణి. పదిహేనేళ్లు చూశాను, ఆశ్చర్యం తీరలేదు.

కప్పు చేతికి రాగానే ఎండకు పట్టి తిప్పేవాడు. గీత మీద వేలు నడిపేవాడు. తర్వాత కళ్లు మూసుకుని నాలుక కొన ఆనించేవాడు. ఏ రాయో తేలందే సుత్తి ముట్టడు.

"రాయి సంగతి నీకెందుకు మియా?" అని అడిగాను ఓసారి.

"ఏ దిక్కునుంచి కొట్టిందో తెల్వకుంటే నేనే దిక్కునుంచి కొట్టాలె ఐలయ్యా?"

ఒక ఆఫీసరు వచ్చి హైదరాబాదులో గీసుకుందన్నాడు. మియా నాలుక ఆనించి తల అడ్డంగా ఊపాడు.

"హైదరాబాదు దాక మీరు పోనే లేదు సాబ్. ఇది తూప్రాన్ల చాయ్ హోటల్ ముందటి అరుగు. తోలుకుంట మురుకులు తింటున్నరు."

"మురుకుల సంగతి రాయి చెప్పిందా?"

"రాయి కాదు సాబ్. నూనె చేతుల్తోని కప్పు తుడిసిన్రు."

ఆఫీసరు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మియా భార్య బద్రున్నీసా మాత్రం నవ్వేది. "ఊరి రాళ్లన్ని ఎరుకే. కూరల ఉప్పు ఎయ్యకున్నా నిన్నటి లెక్కనే ఉన్నదంటడు."

చైనా యుద్ధం అయిన మరుసటేడు, ఒక పొద్దున కంట్రాక్టరు వెంకట్రాములు సేటు దగ్గరి డ్రైవరు పేతురు, కప్పును తువ్వాల్లో చుట్టుకుని పరుగున వచ్చాడు. మియా ఒక్కసారి నాలుక ఆనించాడు.

"కౌడిపల్లి. కల్వర్టు రాయి. ఎర్రమట్టి సుత అంటింది."

పేతురు అక్కడే కూలబడ్డాడు. "కౌడిపల్లిల మా చెల్లె దానమ్మకు నొప్పులొచ్చినయి మియా. బండి మీద తెస్తే తొవ్వలనే పాణం పోయేటట్టున్నది. సేటు ఊళ్లె లేడు. అడగకుండనే కారు తీసిన. దవాఖానల ఆడపిల్ల పుట్టింది, ఇద్దరు బాగనే ఉన్నరు."

"మరి ఏడుస్తవేంది?"

"చెప్పకుండ కారు ఊరు దాటితే నౌకరి పోతది. నాకంటె ముందటి ఇద్దర్ని గట్లనే తీసేసిండు. సేటు వచ్చేలోపల జర సాఫ్ చెయ్."

మియా సుత్తి అందుకోబోతుండగానే సేటు వచ్చేశాడు. చక్రం బోసిగా కనిపించిందట, నేరుగా ఇటే నడిచాడు.

"సిరాజ్ మియా, నీ నాలుక తప్పు చెప్పదని ఊరంత అంటది. ఏ రాయో చెప్పు. ఊరవతలిదైతే వీడు ఇయ్యాల్నే ఇంటికి పోతడు."

పేతురు నేల చూశాడు.

మియా కళ్లు మూసుకుని మళ్లీ నాలుక పెట్టాడు. ఈసారి కొన కాదు. పెరుగు గిన్నె నాకినట్టు ఆ చివర నుంచి ఈ చివరి దాకా నాకాడు. ఆగాడు, గుటక వేశాడు, మళ్లీ నాకాడు. అంతసేపు నాకడం నేనెప్పుడూ చూడలేదు.

"సేటూ, చెప్తే కోపం చెయ్యరు కద?"

"చెప్పు."

"మీ గేటు రాయి. లోపటికి పోతుంటె ఎడమ దిక్కుది. తోలింది పేతురు కాదు. గేటు దగ్గర పరేషానయి స్టీరింగు రెండు దిక్కుల తిప్పే మనిషి."

సేటు ఆదివారాలు ఎవరికీ తెలియకుండా కారు నేర్చుకుంటున్నాడని ఊరందరికీ తెలుసు. కప్పు లాక్కుని గీతను చూశాడు. అద్దంలా ఉంది, మట్టి జాడ లేదు.

"జర తగిలినట్టే అనిపించింది నాకు" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరితోని అనకుండ్రి." పేతురు భుజం తట్టి వెళ్లిపోయాడు.

మియా మూడు చెంబుల నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. ఎర్రగా పడ్డాయి.

"అబద్ధం చెప్పినవ్ మియా" అన్నాను.

"కౌడిపల్లి మట్టి మస్తు చేదుంటది ఐలయ్యా" అన్నాడు, అదొక్కటే.

మర్నాడు సేటు ఆ గేటు రాయిని పెరికించాడు. కూలికి పెరికింది నేనే. సంగతి విని మియా మొహం వాడిపోయింది.

"దాని తప్పేమున్నది పాపం. నా నోటితోని దాని జాగ పోయింది. తీసుకరా."

తోపుడు బండి మీద తెచ్చాను. మియా దాన్ని కడిగి, చేయి పెట్టి మెల్లగా ఏదో చెప్పుకున్నాడు. కొట్టు నీడలో పాతించి నన్ను కూర్చోమన్నాడు.

ఆ తర్వాత దాని మీద కూర్చోని డ్రైవరు లేడు. మియా మాత్రం ఎంత కాళ్లు పీకినా నిలబడే ఉండేవాడు. "నేను కూసుంటే దానికి కోపమొస్తది" అనేవాడు.