పక్కింటి కూత

మా రైల్వే క్వార్టర్ల లైన్లో మగవాళ్లు డ్యూటీ నుంచి ఎలా ఇంటికొస్తారన్నదాన్ని బట్టి ఆడవాళ్ల గొప్ప తేలిపోయేది. ఆఫీసు గుమాస్తా సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. షెడ్డువాళ్లు మసి బట్టలతో కాళ్లీడ్చుకుంటూ వచ్చేవారు. మా పక్కింటి డ్రైవరుగారు మాత్రం మైలు దూరం నుంచే తెలిసేలా వచ్చేవారు.

ఆ కాలంలో బిలాస్‌పూర్ డ్రైవర్లకు ఎవరి కూత వారిది. గూడ్సు బండి ఊరి బయట లాల్‌ఖదాన్ దగ్గరికి రాగానే ఇంటికి వినపడేలా కూత వేసేవారు. అది విని పెళ్లాం ఎసరు పెట్టాలి. బండి యార్డులో అప్పగించి, ఇంజను షెడ్డులో పెట్టి మనిషి వచ్చేసరికి అన్నం ఉడికి ఉంటుంది. డ్రైవరుగారిది ఒక పొడుగు కూత, రెండు పొట్టివి, చివర సన్నగా ఒక సాగదీత.

అదే ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ మా ఆయన. ఇద్దరూ ఒకేసారి వెళ్లి ఒకేసారి వచ్చేవారు. కానీ కూత ఒక్కరిదే.

డ్రైవరుగారి భార్యను నేను అప్పా అని పిలిచేదాన్ని. మా శ్రీకాకుళం వైపు అక్కను అలాగే అంటాం. కూత వినపడగానే ఆవిడ గోడ మీంచి తల పెట్టేది.

“ఒలే, మా ఆయన పిలుస్తన్నారు. నువ్వూ ఎసరు ఎట్టుకో.”

“అచ్ఛా అప్పా,” అనేదాన్ని. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ లోపల్లోపల అనుకునేదాన్ని. ఆ కూతకు ఆవిరి ఎక్కడిది? మా ఆయన నడుము పడిపోయేలా పారతో ఎత్తిపోసిన బొగ్గుది. సొమ్మొకడిది, సోకొకడిది. కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ ఆ కూత ఎంత తియ్యగా ఉంటుందో చెప్పుకుంటుంటే, నేను బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

పిల్లల కోసం మొక్కిన మొక్కుల కన్నా ఆయన డ్రైవరు కావాలని మొక్కినవే ఎక్కువ. నా కూత కూడా నేనే కట్టుకున్నాను. రెండు పొడుగు కూతలు, మధ్యలో కాస్త ఆగడం, అంతే. రుబ్బురోలు దగ్గర కూర్చుని నోటితో అనుకునేదాన్ని. ఆయనకు చెబితే, “ముందు అవనీయే,” అని నవ్వేవారు.

కొన్నేళ్లకు రైల్వే కంపెనీ డాక్టరు కళ్ల పరీక్షలో డ్రైవరుగారు తప్పారు. ఇంజను నుంచి దింపేసి షెడ్డులో చిన్న పని ఇచ్చారు. ఆయన అందరితోపాటు నడిచి రావడం చూసి లైనంతా నొచ్చుకుంది. నేను మాత్రం, ఇక మా వంతు అనుకున్నాను.

ఆ తర్వాత మా ఆయన గూడ్సు డ్రైవరయ్యారు. మొదటి బండి తిరిగొచ్చే మధ్యాహ్నం పొయ్యి అలికి, బియ్యం కడిగి, గుమ్మంలో నిలబడ్డాను. రెండు పొడుగు కూతలని కుళాయి దగ్గర అందరికీ ముందే చెప్పి ఉంచాను. లాల్‌ఖదాన్ వైపు పొగ కనిపించింది.

ఒక పొడుగు కూత. రెండు పొట్టివి. చివర సన్నగా సాగదీత.

పక్కింట్లో గిన్నె చప్పుడైంది. అప్ప అలవాటు కొద్దీ కాళ్లు కడుక్కునే నీళ్ల చెంబు గుమ్మంలో పెట్టడానికి బయటికి వచ్చింది. అప్పుడు కనిపించారు ఆవిడకు భర్త. ఆ రోజు డ్యూటీ లేక అరుగు మీదే కూర్చున్నారు. పట్టాల వైపు ముఖం పెట్టి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆవిడ చెంబు ఆయన పక్కనే దించి, లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది. ఆ పొగ గోడ దాటి మా వాకిట్లోకి వచ్చింది.

మా ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగాను.

“ఏటండి, నా కూత ఏటైంది?”

“గురువుగారు పక్కింట్లోనే ఉన్నారు కదే. ఆ కూత ఆగిపోతే ఆ మనిషి ఏటైపోతాడు?”

“మరి నేనో?”

ఆయన చేతుల మసి కడుక్కుంటూ, “నువ్వు ఇన్నాళ్లూ దానికే కదా ఎసరు ఎట్టినావు,” అన్నారు.

ఆ పూట పక్కింట్లో వేడన్నం తిన్నారు. మా ఇంట్లో కొత్త డ్రైవరుగారు పొద్దుటి సల్దే తిన్నారు.