పచ్చరంగుకు బయట పడిన బోదె

డెబ్బైల చివర్లో నేను రాజమండ్రిలో, ఊరికి మాస్టర్ ప్లాను గీసే ఆఫీసులో ట్రేసర్ని. కడియం వెళ్ళే దారిలో ఉన్న పొలాలను పొలాలుగానే ఉంచాలని పెద్దలు తీర్మానించారు. ఇళ్ళు కట్టుకోదగ్గ చోటుకి పసుపు, కట్టకూడని పొలానికి పచ్చ. ఆ రంగులు వేసింది ఈ చేతులే.

ఆ పచ్చలో మా పెద్దమ్మ ఎకరం కూడా ఉంది. పెదనాన్న పోయాక ఆవిడ అందులో తోటకూర, గోంగూర, బెండ పండించి గంపల్లో బజారుకు పంపేది. చుట్టుపక్కలవాళ్ళు పొలాలు అమ్ముకుంటుంటే నేను వెళ్ళి గొప్పగా చెప్పాను.

“నీ చేను పచ్చలో ఉంది పెద్దమ్మా. అందులో ఎవడూ ఇటుక పెట్టలేడు. దాన్ని అమ్మకు.”

ఆఫీసులో ఉన్న కొడుకు మాట కదా, నమ్మింది. కొనడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపేసింది.

పచ్చకీ పసుపుకీ మధ్య హద్దు ఎక్కడ గీయాలని అడిగితే, “ఏదో ఒక గుర్తు చూసి గీసెయ్యవయ్యా,” అన్నారు మా ఆఫీసరు గారు. నాకు పంట బోదె కనిపించింది. కాలవ నీళ్ళు పెద్దమ్మ చేలోకి వచ్చేది అందులోంచే. దానికి చేని వైపున్న గట్టు మీద గీత గీశాను. బోదె పసుపులో పడింది. రైతు ఇంట పుట్టి కూడా నాకు తట్టలేదు. కుంచె పట్టుకున్నాక నీళ్ళు గ్లాసులోంచే వస్తాయనుకున్నానేమో!

రెండేళ్ళకి పసుపు వైపు ప్లాట్ల రాళ్ళు పాతారు. బోదెను గ్రావెల్‌తో పూడ్చి రోడ్డు వేశారు. దరఖాస్తు రాసి ఆఫీసరు గారి ముందు పెట్టాను. ఆయన ప్లాను తెప్పించి చూశారు.

“బోదె పచ్చలో లేదు కదయ్యా. నువ్వేగా గీసింది?”

దరఖాస్తు వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఊరికి పచ్చదనం కావాలని మీటింగుల్లో ఊదరగొట్టినవాళ్ళలో ఒక్కడూ ఆ పొలాలకు నీళ్ళెలా వస్తాయని అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కంటే నా మీదే ఎక్కువ.

బోరు వేయించే తాహతు పెద్దమ్మకు లేదు. రెండు మడులకు బిందెలతో మోసి మోసి, నడుము పడిపోయాక వదిలేసింది. పంట లేని, ఇల్లు కట్టనివ్వని ఆ ఎకరం అమ్ముదామన్నా అడిగే నాథుడు లేడు.

ఒకరోజు ఆఫీసుకు వచ్చింది. గోడ మీది ప్లాను చూసి, “ఇందులో నా చేనేదిరా?” అంది. చూపించాను. దగ్గరకు వెళ్ళి ఆ పచ్చరంగు మీద చెయ్యి వేసింది.

“ఎంత బావుందిరా! దీనికి నీళ్ళెక్కణ్ణించి పెట్టావు?”

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకోవాలనే అడిగింది.