చంపావతిలో వదిలిన రాయి

మా బావ పోయాడని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేశాడు. “మావా, నాన్న ఎలిపోనాడు. బేగి రా” అన్నాడు. విజయనగరం నుంచి నెల్లిమర్ల ఎంత దూరమని! ఆటోలో ఏడుస్తూనే వెళ్ళాను. ఏడుస్తూనే, ఆ రాయి ఇక నా చేతికొస్తుందని కూడా అనుకున్నాను. దాచుకోవడం దేనికి? బావంటే నాకు ప్రాణం. ఆయన అదృష్టమంటేనే కడుపుమంట.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. నాది పుస్తకాల కొట్టు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, రంగుచారల అగేట్ రాళ్ళు. మన కొండల్లో అవి దొరకవు. సెలవులొస్తే రాజమండ్రి రైలెక్కి గోదావరి ఇసుకలో పడేవాళ్ళం. నేను నడుం విరిగేలా వెతికితే గాజుపెంకులు దొరికేవి. ఆయన చెప్పు జారిందని వంగితే ఎర్రచారల రాయి దొరికేది.

“నీకు ఆత్రమెక్కువరా. రాయిని తడిపి సూడాలి” అనేవాడు. తడిస్తేనే చారలు బయటపడతాయి. అందుకని సీసాతో నీళ్ళు మోసుకొచ్చేవాడు. ఎండకి నాలుక పిడచకట్టి నేను అడిగితే, “రాళ్ళకే సాలవురా” అని ఇచ్చేవాడు కాదు.

అవి ఎలా పుట్టాయో ఆయన చెబుతుంటే అక్క కూడా పొయ్యి కట్టేసి వచ్చి వినేది. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట భూమిలోంచి ఉబికిన లావా చల్లారి నల్లరాయి అయిందట. అందులో చిక్కుకున్న గాలిబుడగల చోట బొరియలు మిగిలాయట. రాతిలోంచి ఊరిన నీళ్ళు తమలో కరిగిన సిలికాని తెచ్చి, ఆ బొరియల గోడలకి పొర మీద పొర పూశాయట. ఇనుము కలిసిన చోట ఎరుపు తేలింది. చివరికి నల్లరాయి అరిగి మట్టైపోతే, గట్టి గుండు మిగిలి ఏట్లోకి దొర్లింది. “లోపల ఖాళీ ఉందని మనిషి ఏడుస్తాడు. రాయి నింపుకుంటాది” అనేవాడు. ఆ మాట నాకు తట్టలేదే అని దానికీ కుళ్ళుకున్నాను.

ఇక ఆ రాయి. కోడిగుడ్డంత ఉండేది. తడిపితే తెలుపు, తేనెరంగు, ఎరుపు చారలు కన్నులా గుండ్రంగా తిరిగేవి. నేను దాటేసి వెళ్ళిన చోటే ఆయనకి దొరికింది. నా రాళ్ళన్నీ ఇస్తానన్నా ఇవ్వలేదు. “నాను పోయాక తీసుకోరా” అని నవ్వేవాడు.

పోయాక ఏమైందంటే, కర్మ చేయించే పంతులుగారు ఒక రాయి తెమ్మన్నారు. పోయినవారిని అందులో తలచుకుని రోజూ నువ్వులనీళ్ళు వదిలి, పదోనాడు ఏట్లో కలిపేసే రాయి. ఏదో ఒకటి ఏరుకొస్తే సరిపోయేది. మేనల్లుడు లోపలికెళ్ళి సరిగ్గా దాన్నే తెచ్చాడు. “నాన్నకి ఇదంటే ఇష్టం కదా మావా” అన్నాడు.

రోజూ వాడు నీళ్ళు వదిలేవాడు. రోజూ ఆ చారలు నన్ను చూసి మెరిసేవి. బావ బతికుండగా కూడా దాన్ని అంతసేపు చూడనివ్వలేదు.

పదోనాడు చంపావతి ఒడ్డున వాడు రాయి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. అక్క నా మొహం చూసి కనిపెట్టేసింది. “నీకు కావాలేటిరా? ఆడికి సెప్పీమంటావా?” అంది. చెప్పమంటే చెప్పేదే. మీ నాన్న నాకిస్తానన్నాడు అనే మాట నా గొంతులోనే ఉంది.

“ఒద్దక్కా. పిల్లడు ఏడస్తన్నాడు” అన్నాను.

రాయి మునిగింది. దిగి వెతకడానికి ఇప్పుడు నాకు మనసొప్పదు, అందులో మా బావ ఉన్నాడు. కానీ బస్సు వంతెన మీదికి రాగానే కిటికీలోంచి ఇసుకకేసి చూస్తాను. ఎప్పుడో ఎవడో చెప్పు జారి అక్కడ వంగుతాడు. వాడింకా పుట్టాడో లేదో తెలీదు. వాడంటే నాకు ఇప్పట్నుంచే కుళ్ళు.