మెంపెనింగ్ చెట్ల కింద పొలి

మా అత్త కోడిని కోసేటప్పుడు దాని ముఖం చూసేది కాదు. మెడ వెనక్కి విరిచిపట్టి, కత్తి ఒక్కసారి లాగి, నెత్తురంతా అన్నం తట్టలోకి వంపేసేది. అడవిలో బండి దింపిన మొదటి రోజు కూడా అంతే చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మాకున్నది ఆ ఒక్క పుంజే. కడుపుతో ఉన్నదాన్ని, దాని మీద నాకు ఆశ లేదని అనను. కానీ కోపం అందుకు కాదు. ఏ పనికీ నన్ను ఒక్క మాట అడగదు, అందుకు.

రబ్బరు ధర పడిపోయిన కాలం అది. మలాయ్ దేశంలో బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల తోటల్లో కూలీల ఇళ్ళ లైన్లు ఖాళీ అవుతున్నాయి. పని లేనివాళ్ళని ఓడ ఎక్కించి ఇండియా పంపేస్తున్నారు. మా అత్త విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. నేను మాత్రం తోటలోనే పుట్టాను. ఆ ఓడ దిగితే ఎవరింటికి పోవాలో నాకు తెలియదు, ఆవిడకీ తెలియదు. అక్కడ ఆవిడ వాళ్ళెవరూ మిగల్లేదు. అందుకే నా కడియాలు, ఆవిడ మెడలోని కంటె అమ్మేసి మా ఆయన ఒక జత ఎడ్లనీ, ఓ పాత గూడుబండినీ కొన్నాడు. అడవిలో చీనావాళ్ళు కట్టెలు కొడతారు, వాటిని ఏటి ఒడ్డున తౌకే, అదే చీనా షావుకారు, బొగ్గుబట్టీకి చేరవెయ్యాలి. ఎడ్లు ఉన్నంతకాలం మేం ఓడ ఎక్కక్కర్లేదు. ఎడ్లు పోతే ఎక్కాలి. మా ముగ్గురి బతుకూ అంతే.

ఆ బండే మా ఇల్లు. గూడు కింద పడక, ఇరుసుకి వేలాడే కుండలు, చక్రం పక్కన పొయ్యి. బండి నిలిపిన చోట పెద్ద పెద్ద చెట్లు. మలాయ్‌వాళ్ళు వాటిని మెంపెనింగ్ అనేవారు. ఎప్పుడో నా ముసలితనంలో, చదువుకున్న మనవడు చెప్పాడు, అవి ఓక్ జాతి చెట్లని. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందని మానులు. బుడిపెలు కట్టి, తొర్రలు పడి, ఎప్పటివో తెలియనంత పాతవి. కాయలకి తలమీద చిన్న టోపీ ఉంటుంది. మేం వెళ్ళేసరికి కాయలు రాలే కాలం. నేల మీద కాలు పెడితే పటపటమని పగిలేవి. గాలి వీస్తే బండి గూడు మీద రాలేవి. నాకు ఆ చోటు నచ్చింది. కూలీల మేస్త్రీ కంగాణి కేకలు వినబడని పగలు నా బతుకులో అదే మొదలు.

కట్టెలు కొట్టేవాళ్ళు మాత్రం వాగుకి అవతల గుడిసెలు వేసుకున్నారు. ఇంత చక్కని నీడ వదిలేసి ఎండలో ఎందుకు పడున్నారో అని నవ్వుకున్నాం.

పొలి అంటే మావాళ్ళకి కంచె లాంటిది. వండిన అన్నంలో నెత్తురు కలిపి, పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతారు. ఆ గీత దాటి రోగం గాని, గాలి గాని లోపలికి రావని నమ్మకం. తోటలో అమ్మవారి పండగకి లైన్ల చుట్టూ ఏటేటా చల్లేవారు. తెల్లారేసరికి కాకులూ కుక్కలూ తినేసేవి. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. అత్త ఇక్కడా తట్ట చంకన పెట్టుకుని "పొలీ! పొలీ!" అని అరుస్తూ చెట్ల చుట్టూ తిరిగింది. ఆఖర్న మిగిలిందంతా ఎడ్ల కాళ్ళ దగ్గర కుమ్మరించింది.

"అక్కడెందుకత్తా అంత?" అన్నాను.

"ఒసే, మన పేనాలు ఆటి మీదే ఉన్నాయి కదే. ఆటికి కాక ఎవులికి సల్లాల?" అంది.

ఆ మాటకి నేనూ తల ఊపాను. నాకూ సబబుగానే తోచింది.

పొద్దు వాలుతూండగా వచ్చాయి పందులు. ముందు గుసగుసలాడినట్టు ఆకుల చప్పుడు, తర్వాత కాయలు కొరుకుతున్న పటపటలు. ఏటేటా ఆ కాయల కోసం వచ్చే మంద అది. అవతలివాళ్ళు వాగు దాటి ఎందుకు ఉన్నారో అప్పుడు తెలిసింది. కాయలు తిని పోయేవేమో. కానీ నెత్తుటి వాసన తగిలింది. ఒక్కొక్కటే మూతి పైకెత్తి, మా పొలి గీత వెంబడే నాక్కుంటూ లోపలికి వచ్చాయి. వాటన్నిటి ముందూ ఒక మగపంది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కోరలు బయటికి వచ్చి ఉంది. తిన్నగా ఎడ్ల కాళ్ళ దగ్గరికి పోయింది.

ఎడ్లు ముకుతాళ్ళతో చక్రానికి కట్టేసి ఉన్నాయి. పారిపోవడానికి లేదు. ఎర్రెద్దు తన్నింది. పంది ఒక్క అడుగు వెనక్కి వేసి, తల కిందికి దించి, పైకి విసిరింది. ఎర్రెద్దు కడుపు చీలిపోయింది. పేగులు కాయల మీద పడ్డాయి. ఎద్దు అలా అరవగలదని నాకు అంతవరకు తెలియదు.

రోకలి ఎప్పుడు అందుకున్నానో గుర్తులేదు. పంది వీపు మీద బాదాను. మళ్ళీ బాదాను. రాతి మీద కొట్టినట్టు నా చేతులే అదిరాయి. స్నానానికి వెళ్ళిన మా ఆయన వాగులోంచి తడిబట్టతోనే పరిగెత్తుకొచ్చి, బండిలోని పరాంగ్ కత్తి లాగి పంది భుజం మీద నరికాడు. అది గిరుక్కున తిరిగి ఆయన తొడ చీల్చేసింది. తెల్లగా ఎముక కనబడింది. ఆయన కూలబడ్డాడు. పంది మళ్ళీ తల దించింది.

"నా కొడుకురా నీ యమ్మ!" అని అరుస్తూ అత్త దాని మీద పడింది. కోడిని కోసిన కత్తే చేతిలో ఉంది. మెడ వెనక పిడి దాకా దిగేసింది. అప్పుడు మాత్రం దాని ముఖంలోకే చూస్తోంది. పంది ఆవిడని విదిలించి కొట్టి, ఆ కత్తితోనే పొదల్లోకి దూకింది. మంద దాని వెనకే పోయింది.

చీనావాళ్ళు వాగు దాటి వచ్చారు. మా ఆయన తొడకి నా చీర చింపి బిగించి కట్టారు. ఎర్రెద్దు ఇంకా లేవడానికి ప్రయత్నిస్తోంది. ఒకతను గొడ్డలి తిరగేసి దాని నుదుటి మీద కొట్టాడు. ఒక దెబ్బకి పోలేదు. మా అత్త దాని ముందే నిలబడి ఆఖరి దాకా చూసింది.

తెల్లారాక మా ఆయన్ని బండిలో పడుకోబెట్టాం. ఒళ్ళు కాలిపోతోంది. తోట ఆసుపత్రికి తీసుకుపోకపోతే మనిషి దక్కడు. జత ఎడ్ల బండి ఒంటెద్దుతో కదలదు. నేను కాడి వైపు వెళ్ళబోతే అత్త నన్ను రెక్కపట్టి ఇవతలికి లాగేసింది.

"కడుపుతో ఉండి ఏటే నీకు? ఎనకాల నెట్టు," అంది. ఎర్రెద్దు చోట కాడి కింద తన మెడ పెట్టింది.

తెల్లెద్దు పక్కన మా అత్త, వెనక నెడుతూ నేను. బురదలో చక్రం దిగబడినప్పుడల్లా ఆవిడ మూలుగు, ఎద్దు మూలుగు కలిసి వినబడేవి. తోట గేటు దగ్గర మా పాత కంగాణి నిలబడి ఉన్నాడు. చూసి పళ్ళికిలించాడు.

"ఎన్నమ్మా, నీ మాడా? ఎద్దువయిపోయావా? ఇప్పుడైనా ఓడెక్కుతావా?" అన్నాడు సగం అరవం, సగం తెలుగు కలిపి.

అత్త మెడ పైకెత్తలేదు. కాండ్రించి వాడి కాళ్ళ ముందు ఉమ్మింది. అందులో నెత్తురు ఉంది.

మా ఆయన బతికాడు. కాలు మాత్రం కుంటిపడింది. ఆయన లేచేదాకా పని ఆగితే తౌకే వేరే బండిని పెట్టుకుంటాడు. అందుకని ఆవిడా, తెల్లెద్దూ రోజూ కట్టెలు లాగారు. బండి వాగుకి అవతల ఎండలోకి మార్చుకున్నాం. నేను దారి పొడుగునా తిట్టేదాన్ని. దించు అత్తా, సచ్చిపోతావు, ఓడే ఎక్కేద్దాం అని అరిచేదాన్ని. ఆవిడది ఒకటే మాట.

"పొలి సల్లినాను నాను. కాడీ నానే మోస్తాను."

మెడ మీద చర్మం ఊడింది, చీము పట్టింది, ఎండింది, మళ్ళీ ఊడింది. రోజూ సాయంత్రం నేను నూనె రాసేదాన్ని. తర్వాత తర్వాత అక్కడ చర్మం గట్టిపడి, ఎద్దుకి కాసినట్టే కాయ కాసింది. నా కొడుకు పుట్టిన రోజు కూడా ఆవిడ ఉదయం ఒక బండి కట్టెలు చేరవేసి వచ్చే బొడ్డు కోసింది.

కొన్నాళ్ళకి మా ఆయన కర్ర ఊతంతో వెళ్ళి, దాచిన కూలి డబ్బులతో ఒక కుర్ర ఎద్దుని కొని తోలుకొచ్చాడు. అత్త దాని చుట్టూ తిరిగింది. గిట్టలు చూసింది, పళ్ళు చూసింది. కాడి ఎత్తబోతున్న కొడుకుని ఆపి, దాని మెడ మీద అరచేయి వేసి నెమ్మదిగా తడిమింది.

"మెడ ఇంకా లేతగుందిరా నాయినా. కాయ కాయలేదు. కొన్నాళ్ళు బరువు తక్కువెయ్యండి, పాపం," అంది.

నేను బండి చాటుకి పోయి, చక్రం పట్టుకుని ఏడ్చాను.