పైన పటారం, లోన ఫిట్సు

ముందే చెబుతున్నాను, ఈ కథలో నన్ను ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకున్నది నన్ను నేనే, అదీ ఒక పావుగంట. ఆ పావుగంట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడే మత్తు డాక్టరుగా పట్టా పుచ్చుకుని, భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఒక దవాఖానాలో చేరాను. మా ఇల్లు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. బయల్దేరేటప్పుడు అమ్మ "జాగ్రత్త నాయనా" అంటే, "జాగ్రత్త పేషెంట్లకు చెప్పమ్మా" అన్నాను. ఎంత నిజం చెప్పానో తర్వాత తెలిసింది.

ఒక మధ్యాహ్నం బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసే కొమురయ్యను ఆటోలో వేసుకొచ్చారు. ఇంట్లో మొదలైన ఫిట్స్ ఆగకుండా వస్తూనే ఉన్నాయి. వెంట ఆయన అన్న సత్తయ్య, ఆయనా బాయి మనిషే. ఫిట్స్ ఆపే ఇంజెక్షన్ రెండుసార్లు ఇచ్చాం, సెలైన్‌లో ఇంకో మందు ఎక్కించాం. ఊహూ! ఊపిరి అందడం లేదు. గొంతులో ట్యూబు వేసి మెషిన్ మీద పెట్టాల్సిందే.

ట్యూబు వేయాలంటే రెండు మందులు కావాలి. ఒకటి మెదడును నిద్రపుచ్చేది, ఇంకోటి కండరాలను పడుకోబెట్టేది. ఫిట్స్ పుట్టేది మెదడులో. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు నేను పెట్టుకోలేదు.

నిద్రమందుల ట్రే ముందు పెళ్ళిచూపులకు వెళ్ళినవాడిలా నిలబడ్డాను. థయోపెంటోన్ ఇస్తే బీపీ పడిపోతుంది. ప్రొపోఫోల్ ఇచ్చినా అంతే. కీటమిన్ ఇస్తే పెరుగుతుంది, అదింకో బెంగ.

"సార్, ఏది లోడ్ చేయాలె? జల్దీ చెప్పున్రి!" అంది నర్సు మేరీ సిస్టర్.

"ఆలోచిస్తున్న సిస్టర్!"

"మీరు ఆలోచించే లోపల ఆయన పెదాలు నీలమైతున్నయ్ సార్!"

బీపీ భయంతో ప్రొపోఫోల్ చిటికెడంటే చిటికెడు ఇచ్చాను. కండరాల మందు దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా చదువంతా పొంగుకొచ్చింది. అందరూ వాడే సక్సినైల్‌కోలిన్ కాసేపట్లో దిగిపోతుంది కానీ, చాలాసేపు ఫిట్స్ కొట్టినవాళ్ళలో పొటాషియం పెంచి గుండె మీదికి తెస్తుందని చదివాను. అందుకని వదిలేశాను. అక్కడివరకూ శభాష్. దాని బదులు వెక్యురోనియం అనే మందు, గంటసేపు చిటికెనవేలు కూడా కదలనివ్వనిది, దండిగా పట్టించాను.

ట్యూబు ఒక్కసారికే పడింది. కొమురయ్య ఒళ్ళు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"చూసిన్రా సిస్టర్? అన్ని మందులకు ఆగనిది నా చేతికి ఆగింది!"

"గుండె ఇంకా ఉరుకుతనే ఉన్నది సార్."

"గొంతులో ట్యూబు వేస్తే ఉరకదా? అన్నిట్ల వంకలే వెతుకుతరేంది?"

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. బొగ్గుబాయి ఇళ్ళల్లో 'ఫిట్' అంటే రోగం కాదు, బతుకుదెరువు. కంపెనీ డాక్టరు ఫిట్ అంటేనే బాయిలోకి దిగాలి. అన్‌ఫిట్ అన్నాడా, ఇంట్లో పొయ్యిలో పిల్లి పడుకున్నట్టే. ఖమ్మం నుంచి దిగబడ్డ నాకు ఇదేం తెలుసు? ఛాతీ విరుచుకుని బయటికి వెళ్ళాను.

"సత్తయ్యన్నా, ఫిట్ పోయింది!"

ఆయన మొహం పాలిపోయింది. "పోయిందా? అన్‌ఫిట్ చేసిన్రా సారూ?"

"అన్‌ఫిట్ ఏందన్నా? ఫిట్ లేదు అంటున్న!"

"గదే గదా! గా మాట బయటికొస్తదని గోళీలు చాటుకు మింగేటోడు. ఎవలన్న చూస్తరని అవి గూడ బంద్ వెట్టిండు. మావోడు ఫిట్ లేడని రాయకున్రి సారూ, మీ కాళ్ళు మొక్కుత!"

ఫిట్స్ రాకుండా వాడే గోళీలు ఆపేశాడన్న మాట పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం పోసినవాడికి దండ వేయాల్సింది పోయి ఈ రభస ఏమిటి?

"అన్నా, విను! నీ తమ్ముడు ఫిట్టే! వందకు వంద ఫిట్టు!"

సత్తయ్య దండం పెట్టి ఫోన్ తీశాడు. "అవ్, ఫిట్టేనట! పెద్ద డాక్టరే చెప్పిండు!" పెద్ద డాక్టరు అనే మాట చెవిన పడేసరికి, రెండో ఫోనులో కూడా అంటాడేమోనని అక్కడే నిలబడ్డాను.

అంతలో ఆపరేషన్ థియేటర్ నుంచి మా మేడమ్ వచ్చింది. మత్తు విభాగానికి పెద్ద. మానిటర్ చూసి, కొమురయ్య కనురెప్పలు ఎత్తి చూసింది.

"ఏమిచ్చినవ్ నాయనా?"

చెప్పాను, కాస్త గర్వంగానే.

"ఫిట్స్ ఆగినయని నీకెవరు చెప్పిన్రు?"

"కదలట్లేదు కదా మేడమ్!"

"కట్టేస్తే ఎట్ల కదుల్తడు? ఇల్లు అంటుకుంటే కిటికీలు మూసొచ్చినట్టున్నది నీ వైద్యం! ఆ కంటిపాపలు చూడు, ఎంత పెద్దగైనయో. లోపల మెదడు కాలుతనే ఉన్నది!"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. మా దగ్గర రోగి కోరింది నిద్ర, వైద్యుడు ఇచ్చింది సంకెళ్ళు. మేడమ్ నన్ను భుజంతో పక్కకు నెట్టి, నిద్రమందు సరిపడా ఎక్కించి, ఆపకుండా పంపు పెట్టించింది.

"బీపీ పడుతుందేమో..." గొణిగాను.

"బీపీ పడితే లేపనీకి మందున్నది. మెదడు పోతే లేపే మందున్నదా నీ కాడ?"

నిజంగా భయమేసింది. ఆ పావుగంటా లోపల ఆయన మెదడు కొట్టుకుంటుంటే, నేను బయట నిలబడి నా పొగడ్త వింటున్నాను.

ఈ అరుపులకు సత్తయ్య తలుపు దగ్గరకు వచ్చాడు. "ఏంది మేడం, ఇంకా ఫిట్స్ ఉన్నయంటున్నరు? గా సారేమో మావోడు వందకు వంద ఫిట్ అన్నడు గద?"

మేడమ్ నా వైపు చూసింది. "గా ఒక్కటి మాత్రం కరెక్టే చెప్పిండు."

మేరీ సిస్టర్ మొహం తిప్పుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి, వాటికి మాత్రం వెక్యురోనియం అక్కర్లేదని నాకు తెలుసు.

కండరాల మందు దిగిపోయాక కూడా ఫిట్స్ మళ్ళీ రాలేదు. మర్నాడు నిద్రమందు మెల్లగా తగ్గిస్తే కొమురయ్య కళ్ళు తెరిచాడు. అన్నను గుర్తుపట్టాడు. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ట్యూబు తీశాక, బొంగురు గొంతుతో ఆయన అడిగిన మొదటి మాట:

"సారూ, నేను ఫిట్టా, అన్‌ఫిట్టా?"

గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. నేను నోరు గట్టిగా మూసుకుని మేడమ్‌ను చూపించాను. గోళీలు మానకుంటే బాయిలోకి దించకుండా పైన పని ఇమ్మని కంపెనీకి తాను రాస్తానని ఆమే ఆయనకు నచ్చజెప్పింది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒళ్ళు కట్టేసి మెదడు కుదుటపడిందని ఇంకెప్పుడూ అనను. నిద్రమందు దగ్గర పిసినారితనం చేయను. ఇక బొగ్గుబాయి మనుషుల ముందు ఆ ఇంగ్లీషు ముక్క ఎత్తను, శుభ్రంగా మూర్ఛ అంటాను. ఆ మాట విని సంబరపడి చుట్టాలకు ఫోన్లు చేసేవాడు ఈ జిల్లాలో ఎవడూ ఉండడు.